మంద్రస్వరానికి ఎవరూ లేరు

వయ్యదోలీద్,
1984 ఫిబ్రవరి 12

సొర్ హెనోవేవా గారికి,

నమస్కారం. ముప్పైమూడేళ్ళుగా క్రిస్మస్ కార్డు తప్ప మన మధ్య ఉత్తరం నడవలేదు. ఈ కవరు చూసి ఎవరో పోయారని కంగారు పడకండి. అందరం బాగానే ఉన్నాం. పని మీద రాస్తున్నాను.

నేనింకా తరిణె పట్టుకునే బతుకుతున్నాను. కుర్చీ కాళ్ళు, మంచం కోళ్ళు, మెట్ల పక్క కొయ్య స్తంభాలు. నెల కిందట ఎస్తెఫానియా అనే ఆవిడ నా షెడ్డుకి వచ్చింది. సంగీత పాఠశాలలో పంతులమ్మ. ఓ పదిమందిని పోగుచేసింది. నాలుగు వందల ఏళ్ళ కిందట చర్చిల్లో పాడిన పాటలని అప్పటి గొంతు పద్ధతిలో, అప్పటి ఊదుడు వాద్యాలతో మళ్ళీ వినిపించాలని వాళ్ళ పట్టుదల. తోలు చుట్టిన వంకర కొమ్ములు రెండు ఉన్నాయట, సన్నమూతి ట్రాంబోన్ ఒకటి ఉందట. కింది స్వరం పలికే బహోన్ మాత్రం ఎక్కడా దొరకలేదు. పాత పుస్తకంలో బొమ్మ చూపించి, "ఇలాంటిది చెయ్యగలరా మాస్టారూ?" అంది.

"బొమ్మ చూసి చేస్తే బొమ్మే వస్తుంది. మా అక్క ఉండే మఠంలో అసలుదే ఉంది, తను వాయించేది కూడా" అన్నాను. నోరు జారింది. ఆవిడ అక్కడున్న పీట లాక్కుని కూర్చుంది, రెండు గంటలు కదల్లేదు.

అందుకని అడుగుతున్నాను. ఆ వాద్యాన్ని కొలుచుకోనిస్తారా? నాకు రావడం కుదరదు, పెళ్ళి మంచాల పని చేతినిండా ఉంది. ఆవిడే వస్తుంది. కొలతలు ఎలా తీయాలో నేర్పి పంపిస్తాను.

ఇట్లు,
ఎవుతీమియో బర్రాసా


ఫ్వెంతెలోబో మఠం,
1984 ఫిబ్రవరి 28

ఒరే తిమో,

నన్ను 'మీరు' అంటావా? నీ ముక్కు తుడిచిన చేతులురా ఇవి. 'గారు' అన్న చోట మా మఠం పెద్ద, మదర్ సక్రమెంతో ఆగి నా వంక చూశారు. ఆవిడకి ఎనభై తొమ్మిదేళ్ళు. మాకు వచ్చే ఉత్తరాలూ, మేం రాసేవీ ఇప్పటికీ భూతద్దం పెట్టి చదివాకే కదులుతాయి. నీకు తన దీవెనలు రాయమన్నారు.

మీ ఎస్తెఫానియా వచ్చి వెళ్ళింది. మేం బయటి మనిషిని లోపలికి రానివ్వం కనుక, బహోన్‌ని గోడలోని తిరుగుడు పెట్టెలో పెట్టి అటు తిప్పాం, మేం అమ్మే బాదం మిఠాయి వెళ్ళే దారే. నిలువుగా పట్టక ఏటవాలుగా పెట్టాల్సి వచ్చింది. అవతల నుంచి చాలాసేపు ఏ చప్పుడూ లేదు. "ఏమ్మా, ఉన్నావా?" అంటే, "ఉన్నాను సిస్టర్. ఏడుస్తున్నాను, ఒక్క నిమిషం" అంది. ఆ మాటతో నాకు నచ్చేసింది.

దిమ్మ ఒకే ముక్క, మేపుల్. లోపల రెండు సొరంగాలు పక్కపక్కనే దిగి అడుగున కలుస్తాయి. ఇత్తడి గొట్టం, దాని కొసన రెల్లు పీక. అవన్నీ ఆమె కొలుచుకుంది. కొలతకి అందనిది నేను చెప్పాలి. మా గాయకబృందంలో ఏనాడూ మగవాడు పాడలేదు, అందుకే బహోన్ వచ్చింది. అది మగగొంతుకి మారుగా గర్జించడానికి కాదు. బృందంలో అన్నిటికన్నా బలహీనమైన గొంతు ఎవరిదో వెతికి, దానికంటే మెల్లగా ఊదాలి. నాకు అప్పటి పెద్ద సిస్టర్, సొర్ విసితసియోన్ నేర్పింది, ఆవిడకి ఆవిడ ముందరి ఆవిడ. ఎన్ని చేతులో ఎవరికీ తెలియదు. నా తరవాత ఎవరూ లేరు. పూజలో కొత్త పద్ధతులు వచ్చాక దాన్ని పెట్టెలో పెట్టేశాం.

నువ్వెందుకు రాలేదు? మంచాలు ఎక్కడికీ పారిపోవు. అమ్మకోసం రోజూ ప్రార్థిస్తూనే ఉన్నాను.

నీ అక్క,
తెన్సీ
(ఇక్కడ హెనోవేవా)


వయ్యదోలీద్,
1984 మే 20

అక్కా,

మొదటి దిమ్మ పగిలిపోయింది. రెండో సొరంగం తొలుస్తుంటే బర్మా పక్కకి నడిచి, పై నుంచి కింది దాకా చీలిక. మూడు వారాల పని పొయ్యిలోకి పోయింది. రెండోది నిలబడింది గానీ, ఊదితే జబ్బుపడ్డ దూడ అరిచినట్టు ఉంది. ఫెలీసా వంటింట్లోంచి, "ఏమయ్యా, మగడనుకుని కట్టుకుంటే పశువుల కొట్టం తెచ్చిపెట్టావేంటి?" అంటుంది. పై అంతస్తు ముసలాయన చీపురుతో నేల మీద కొడుతున్నాడు.

ఎస్తెఫానియా దగ్గర వాయించడానికి మనిషి లేడు. పటాలంలో ఉన్నప్పుడు బ్యాండులో ఊదానని తెలిసి నన్నే నేర్చుకోమంటోంది. యాభై తొమ్మిదేళ్ళకి. సరే అన్నాను, ఎందుకన్నానో తెలియదు.

ఇక రెండో విషయం. అమ్మ గురించి నాకు రాయకు. నువ్వు ప్రార్థించావో లేదో దేవుడికి తెలుసు, నేను చూసింది నాకు తెలుసు. 1951 మార్చి 9, అమ్మని మట్టిలో పెట్టిన రోజు. మన ఊరి చర్చి గుమ్మం దగ్గర నిలబడి, "ఇంకాసేపు ఆగండి ఫాదర్, అక్క వస్తుంది, ఇలాంటి దానికి మఠంవాళ్ళు వదలకుండా ఉంటారా" అని బతిమాలాను. మంచు, వాన కలిసి పడుతున్నాయి. ఆయన గంట ఆగాడు. మోసేవాళ్ళు నలుగురూ చేతులు మార్చుకుంటూ నిలబడ్డారు. నువ్వు రాలేదు. టెలిగ్రాంకి జవాబు లేదు. ఈస్టర్ అయ్యాక ఒక మేరీమాత బొమ్మ కార్డు వచ్చింది, వెనక రెండు వరసలు. దాన్ని పొయ్యిలో వేశాను.

అందుకే రాలేదు. మంచాలు సాకు.

పీక ఎలా చేస్తారో మాత్రం రాయి. లోపం అక్కడే ఉందనిపిస్తోంది.

ఎవుతీమియో


ఫ్వెంతెలోబో,
1984 జూన్ 17

తిమో,

లోపం పీకలోనే. రెల్లు మరీ పచ్చిగా ఉండి ఉంటుంది. చలికాలంలో కోసి, ఏడాది నీడన ఆరిన రెల్లే పనికొస్తుంది. మా తోట గోడ పక్కది ఒక కట్ట పంపుతున్నాను. మధ్యలో గీకకు, అంచుల నుంచి మొదలుపెట్టు. గోటితో తడితే మూగగా ఉండాలి, టకటకమంటే ఇంకా మందం ఉన్నట్టు. దారం మైనం పట్టించి చుట్టు. ఊదే ముందు పీకని నోట్లో నానబెట్టుకుని, ఒకసారి పరలోక ప్రార్థన మెల్లగా చెప్పుకో. అంత సేపు పడుతుంది.

నువ్వు రాసిన ఆ సంగతి ఈ కాగితం మీద రాయలేను.

ఫెలీసాకి నా ఆశీస్సులు.

తెన్సీ


వయ్యదోలీద్,
1984 ఆగస్టు 26

సిస్టర్,

రెల్లు అందింది. కృతజ్ఞతలు. బహోన్ పలికింది. మూడోది కూడా చేశాను, అదింకా మెరుగు.

రాయలేనన్నారు. ముప్పైమూడేళ్ళుగా రాయలేదు, ఇప్పుడూ రాయలేరు. అర్థమైంది, మళ్ళీ అడగను.

నవంబరు 22న, సంత సిసీలియా పండుగ రోజు, ఇక్కడ ఒక చర్చిలో కచేరీ పెట్టారు. మీ మఠం శనివారాలు పాడే నాలుగు గొంతుల మేరీమాత స్తోత్రం 'సాల్వే' వినిపించాలని ఎస్తెఫానియా కోరిక. మీ పాత స్వరపుస్తకాలు నకలు తీసుకోవడానికి ఆమె మళ్ళీ వస్తుంది. కింది స్వరానికి ఇద్దరు మగ గాయకులని మాట్లాడింది. నేను వాళ్ళ పక్కన బహోన్ వాయిస్తాను.

మఠం మూసేస్తున్నారని ఇక్కడ ఎవరో అన్నారు. నిజమేనా?

ఎవుతీమియో బర్రాసా


ఫ్వెంతెలోబో,
1984 సెప్టెంబరు 16

తిమో,

మదర్ సక్రమెంతో ఆగస్టు 30న పోయారు. మిగిలింది ఐదుగురం. నలుగురు నాకంటే పెద్దవాళ్ళు, అందులో ఇద్దరు మంచం మీదే. పైవాళ్ళు నన్ను తాత్కాలికంగా పెద్దదాన్ని చేశారు. కాబట్టి ఈ ఉత్తరం ఎవరూ చదవరు. నలభై మూడేళ్ళలో ఇలా రాయడం ఇదే మొదలు. వరసలు వంకరగా పోతే ఏమీ అనుకోకు.

మూసేస్తున్న మాట నిజమే. సకల పునీతుల పండుగకి ముందే సమోరా దగ్గర మఠంలో కలిపేస్తారు. పుస్తకాలూ, పాత బహోనూ బిషప్పు గారి భాండారానికి వెళ్తాయి. ఎస్తెఫానియా వచ్చి నకళ్ళు తీసుకుంది. కింది స్వరం పుస్తకం అట్ట మీద 'బహోన్‌కి' అని ఉంది, లోపల ఒక్క పదం లేదు, వట్టి స్వరాలే. పాడటానికి రాయలేదురా దాన్ని. మగవాళ్ళు ఏ మాటలు పాడతారు? అది మీ ఇష్టం. కానీ అలా పాడితే అది మాది అని చెప్పకండి.

ఇప్పుడు ఆ సంగతి.

అప్పట్లో మా నియమం, ఈస్టర్ ముందరి తపస్కాలం నలభై రోజులూ ఉత్తరాలు లేవు. వచ్చినవి మదర్ సొరుగులో ఉంటాయి. నీ టెలిగ్రాం అక్కడే ఉంది. ఈస్టర్ మర్నాడు, మార్చి 26న, తక్కిన ఉత్తరాలతో పాటు నా చేతికిచ్చారు. అమ్మ మట్టిలోకి వెళ్ళి అప్పటికి పదిహేడు రోజులు. ఆ పదిహేడు రోజులూ నేను అమ్మ దగ్గు తగ్గాలని ప్రార్థిస్తూనే ఉన్నాను. పవిత్ర వారం అంతా, ఆర్గన్ మోగకూడని ఆ రోజుల్లో, ఇరవైయేడు మంది గొంతులని నా బహోన్ మీద మోశాను. అమ్మ లేదని తెలియకుండా.

నీకు నాలుగు పేజీలు రాశాను. మదర్ చదివి, "ఇందులో ఫిర్యాదు ఉంది తల్లీ, కార్డు చాలు" అన్నారు. కార్డే పంపాను. విధేయత చూపుతానని ప్రమాణం చేసినదాన్ని.

ఆవిడని తిట్టుకోకు. పోయే ముందు రోజు నా చెయ్యి పట్టుకుని, "నీ పట్ల రెండు తప్పులు చేశాను" అన్నారు. లెక్క కూడా గుర్తుంచుకున్నారు.

ఇంకొకటి. ఎస్తెఫానియాకీ నీకూ అబద్ధం చెప్పాను. బహోన్‌ని కొత్త పద్ధతులు వచ్చాక పెట్టెలో పెట్టలేదు. 1951 ఈస్టర్ తరవాతే, ఊపిరి చాలడం లేదని చెప్పి నేనే ఆపేశాను. అమ్మ నా పేరు పిలుస్తూ పోయి ఉంటుంది, నేను ఇక్కడ ఊదుతూ కూర్చున్నాను. అది తలుచుకుంటే పీక నోట పెట్టుకోలేకపోయాను. ఆ తరవాత ఇద్దరు చిన్నవాళ్ళు నేర్పమని అడిగారు. నేర్పలేదు. ఎన్నో చేతులు దాటి వచ్చిందాన్ని నా చేత్తో తెంపేశాను. నీ కచేరీకి వచ్చేవాళ్ళకి అది తెలియనక్కర్లేదు, నీకు తెలియాలి.

కొత్తచోట చుట్టాలకీ మాకూ మధ్య ఇనప జాలీ ఉండదట. చుట్టాలు ఎప్పుడైనా రావచ్చట.

నీ అక్క,
తెన్సీ


వయ్యదోలీద్,
1984 నవంబరు 27

అక్కా,

కచేరీ అయింది. ముందు అది చెప్తాను, తరవాత చెప్పాల్సింది వేరే ఉంది.

నీ సెప్టెంబరు ఉత్తరంలో పుస్తకం గురించి రాసిన వరసలు ఎస్తెఫానియాకి చదివి వినిపించాను. ఆమె చాలాసేపు బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూ కూర్చుని, ఆ మగ గాయకులిద్దరికీ ఫోన్ చేసి వద్దంది. ఒకడు బాగా అలిగాడు. చివరికి ఆరుగురు ఆడవాళ్ళు పాడారు, కింద నేనొక్కణ్ణే. అందులో రోసల్బా అని ఒకమ్మాయి ఉంది, అందరిలోకీ లేత గొంతు, పై స్వరం దగ్గర వణుకుతుంది. నేను ఆమెనే చూస్తూ ఊదాను. ఆమెకి వినిపించేంత, ఆమెని మింగకుండా ఉండేంత. రెండో చరణంలో ఒకచోట తడబడ్డాను. ఫెలీసా పట్టేసింది. "పన్నెండో నిమిషంలో దూడ తొంగిచూసింది" అంది బయటికొచ్చాక. కానీ ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

జనం లేచి చప్పట్లు కొట్టారు. నాకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. నువ్వు తెంపేశానని రాసిన దాన్ని నేను పట్టుకుని నిలబడ్డాను, నా కోసమే చప్పట్లు కొడుతున్నారు.

అక్కా, నవంబరు 4న సమోరా వచ్చినప్పుడు ఈ మాట నా నాలుక చివర ఉంది. మధ్యలో జాలీ లేకపోయేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో మనిద్దరికీ తెలియలేదు. జుట్టంతా తెల్లబడింది అన్నావు, నీది ముసుగులో ఉంది నాకేం తెలుసు అన్నాను. నవ్వావు, నవ్వితే దగ్గు వచ్చింది. అంత చిన్నదానివి అయిపోయావని నేను అనుకోలేదు. బాదం మిఠాయి పళ్ళెం నా వైపు తోశావు. నోట్లో వేసుకుని, దాంతోపాటు మాట కూడా మింగేశాను. రెండో బహోన్ నీ దగ్గర వదిలి బస్సెక్కాను.

ఇప్పుడు రాస్తున్నాను.

అమ్మ నీ పేరు పిలుస్తూ పోలేదు.

పోవడానికి నాలుగు రోజుల ముందు, తెలివి బాగానే ఉంది, నన్ను దగ్గరికి పిలిచింది. "తెన్సీకి కబురు పెట్టకురా" అంది. "ఎందుకమ్మా?" అన్నాను. "పవిత్ర వారం వస్తోంది. ఆర్గన్ మోగదు. అక్కడ మంద్రస్వరానికి అది తప్ప ఎవరూ లేరు. నేను పోయానని తెలిస్తే దాని ఊపిరి ఆడదు. ఈస్టర్ అయ్యాక చెప్పు. వాయించమన్నానని చెప్పు. అది వాయిస్తే వినాలని ఉండేది, గోడ అవతల నిలబడి ఒకసారి విన్నాను కూడా, చాలు అని చెప్పు."

నేను వినలేదు. అమ్మ పోయాక టెలిగ్రాం కొట్టాను. నువ్వు రావాలి అంతే. ఒక్కణ్ణే ఆ పెట్టె వెనక నడవలేకపోయాను. నువ్వు రాలేదు. అప్పుడు కోపం వచ్చింది. అమ్మ చెప్పిన మాట నీకు చెప్పకూడదు, అది నీకు దక్కకూడదు అనుకున్నాను. ఒక ఏడాది అనుకున్నాను. తరవాత చెప్పడానికి సిగ్గేసింది. ఆ తరవాత అలవాటైపోయింది.

నువ్వు సెప్టెంబరులో రాసింది చదివాక తెలిసింది, నేను దాచిన మాట ఎంత పని చేసిందో. నీకు వాయించమని అమ్మ కబురు పంపితే, నువ్వు పీక నోట పెట్టుకోలేక మానేశావు. ఆ ఇద్దరు పిల్లలకి నువ్వు నేర్పి ఉండేదానివి. నేను బొమ్మలు చూసి, కొలతలు తీసి, దూడలా అరిపించి మళ్ళీ తయారుచెయ్యాల్సిన అవసరమే ఉండేది కాదు.

తెంపింది నువ్వు కాదక్కా. మదర్ సొరుగులో టెలిగ్రాం ఉంది. నా దగ్గర అమ్మ మాట ఉంది.

తిమో


సమోరా,
1984 డిసెంబరు 15

తిమో,

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలైంది. వెంటనే రాయలేదు, రాస్తే తిట్లే రాసేదాన్ని. మూడు రోజులు దాన్ని బల్ల మీద బోర్లా పెట్టాను. నాలుగోరోజు పాపాలు ఒప్పుకోవడానికి వెళ్ళి ఫాదర్‌తో, "నా తమ్ముడి మీద నాకు కోపంగా ఉంది, పోవడం లేదు" అన్నాను. ఆయన కుర్రవాడు. "ఏం చేశాడు సిస్టర్?" అన్నాడు. "ఒక మాట చెప్పలేదు" అన్నాను. అంతేనా అన్నట్టు చూశాడు.

మదర్‌ని క్షమించడం నాకు తేలికైంది. ఆవిడకి నియమం అడ్డం ఉంది. పైగా ఆవిడ నాకు తమ్ముడు కాదు.

నిజమే రాస్తాను, నీకు కష్టం కలిగినా. ఆ మాట నాకు ఆ వసంతంలోనే చేరి ఉంటే నేను ఇంకో ఇరవై ఏళ్ళు వాయించేదాన్ని. అసున్సియోన్‌కీ, చిన్న క్వితేరియాకీ నేర్పేదాన్ని. క్వితేరియాకి మంచి ఊపిరి ఉండేది. అది మఠం వదిలి వెళ్ళిపోయింది, పాడటానికి ఏమీ లేని చోట ఉండలేనంది. ఇవన్నీ ఇప్పుడు ఏ కచేరీతోనూ తిరిగి రావు. మీ ఎస్తెఫానియా మంచిది, మీరు చేసింది మంచి పని. కానీ మీరు లేపి కూర్చోబెట్టిన దాన్ని నేను చావనిచ్చాను, నువ్వు చావనిచ్చావు. ఇద్దరం కలిసి. అది ఒప్పుకున్నాకే నిన్ను తమ్ముడూ అని పిలవబుద్ధేసింది.

అమ్మ గోడ అవతల నిలబడి విన్నదట. ఎప్పుడై ఉంటుంది? నాకు ఒక్కసారి కూడా తెలియలేదు. అదే పదే పదే తలుచుకుంటున్నాను. ఆ రోజు నేను బాగా వాయించానో లేదో.

ఇక్కడి సిస్టర్లు మంచివాళ్ళు. గిటారుతో పాడతారు, చేతులు ఊపుతారు. మా వాళ్ళల్లో సొర్ బ్రిహిదా వచ్చిన పదకొండో రోజే పోయింది. మంచం మార్చితే ముసలివాళ్ళు బతకరు. డాక్టరు నా ఊపిరితిత్తులని విని పెదవి విరిచాడు. మెట్లెక్కొద్దన్నాడు. వాద్యం సంగతి అడిగితే, "ఏ వాద్యం?" అన్నాడు. చూపించాను. "సిస్టర్, మీరు కొవ్వొత్తి ఊదినా నేను ఒప్పుకోను" అన్నాడు.

నిన్న మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్నప్పుడు ప్రార్థనా మందిరానికి వెళ్ళాను. నీ బహోన్‌ని మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాను. వేళ్ళు వాటంతటవే రంధ్రాలు వెతుక్కున్నాయి. పీక నానబెట్టి ఊదాను. ఒకే ఒక్క స్వరం, అన్నిటికన్నా కిందిది. నాలుగు లెక్కపెట్టేంత సేపు నిలిచింది, తరవాత దగ్గు. సిస్టర్లు పరిగెత్తుకొచ్చి నీళ్ళు పట్టి, వీపు నిమిరి, చీవాట్లు పెట్టారు.

ఇక ఊదలేను. అదే ఆఖరుది.

కానీ నీకు రాయాలి కదా. స్వరం శుభ్రంగా పలికింది, ఎక్కడా జీర లేదు. నువ్వు దాన్ని బాగా చేశావు.

నీ అక్క,
తెన్సీ